కిచెన్ ప్లాట్‌ఫారానికి ఏ రాయి? గ్రానైట్ అని అమ్మేవన్నీ గ్రానైటేనా?

కొత్తిల్లు_కొత్తప్పు:

ఇల్లు కడుతున్నాం, ప్లాస్టరింగ్ అయిపోయి ఫ్లోరింగ్, కిచెన్ దగ్గరికి వచ్చాం. రాయి చూద్దామని షాపుకి వెళ్తే బుర్ర వేడెక్కిపోయింది. నల్లరాయి మీద బంగారు చుక్కలున్నదీ గ్రానైటే అంటాడు, బూడిద రంగుదీ గ్రానైటే, చుక్క అనేదే లేని నలుపూ గ్రానైటే, గోధుమ రంగులో ఎర్రటి మచ్చలున్నదీ గ్రానైటే. రేటు మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ మూడింతలు తేడా. ఎందుకన్నా అంటే "అది వేరే క్వాలిటీ సార్" అంటాడు తప్ప ఇంకో మాట లేదు.

ఇంట్లో మూడు పార్టీలు. మామగారేమో కడప బండ చాలు, మా ఊళ్లో అరుగుల మీద ఎప్పటినుంచో ఉంది, చెక్కు చెదరలేదు అంటారు. మా ఆవిడకి తెల్ల మార్బుల్ కావాలి. బావమరిది వచ్చి మార్బుల్ మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది, ఇక జన్మలో పోదు, అదే గ్రానైట్ అయితే తుడిస్తే పోతుంది అని చెప్పి గొడవ రాజేసి వెళ్లిపోయాడు. రెండూ రాళ్లే కదండీ, నిమ్మకాయ ఒకదాన్ని తిని ఇంకోదాన్ని వదిలేయడం ఏంటి? అగ్ని శిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని పదో తరగతి లోపు ఎక్కడో బట్టీ పట్టిన గుర్తుంది, అది ఇక్కడ పనికొస్తుందని అనుకోలేదు.

ఇంకో డౌటు. మా ప్లాట్ హైదరాబాద్‌లో, పునాది తవ్వుతుంటే నాలుగడుగులకే బండ తగిలింది, దాన్ని పగలగొట్టించేసరికి బడ్జెట్‌కి పెద్ద చిల్లు. ఆ బండా, ఈ షాపు గ్రానైటూ ఒకటేనా? ఒకటే అయితే డబ్బిచ్చి పారబోయించిన దాన్నే మళ్లీ డబ్బిచ్చి కొంటున్నామా అని మా ఆవిడ అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు.

రాళ్లపిచ్చి:

జియాలజీలో ఎమ్మెస్సీ చేసి దాంతో ఏ సంబంధం లేని ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, ఇలాంటి ప్రశ్న కనబడితే ఆగలేను. ఓపిగ్గా చదవండి.

ముందు నిమ్మకాయ సంగతి. రాయి అంటే ఒకే పదార్థం అనుకోకండి, అది ఖనిజాల ముద్ద. ఏ ఖనిజాలు ఎంతెంత ఉన్నాయన్నదాన్ని బట్టే దాని గుణం. మార్బుల్ దాదాపు మొత్తం కాల్సైట్ అనే ఒకే ఖనిజం, అంటే కాల్షియం కార్బొనేట్. నిమ్మరసంలో సిట్రిక్ యాసిడ్ ఉంటుంది, అది తగలగానే కార్బొనేట్ విరిగి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది, పాలిష్ చేసిన పై పొర అక్కడ కరిగిపోతుంది. మీ బావమరిది మచ్చ అంటున్నది నిజానికి మచ్చ కాదు, గుంట. కంటికి ఆనని లోతు గుంట, అందుకే ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. బాత్రూం యాసిడ్ అయితే ఇంకా ఘోరం, నిమిషాల్లో తినేస్తుంది.

గ్రానైట్‌లో కాల్సైట్ ఉండదు. అందులో ఉండేవి ప్రధానంగా పలుగురాయి, అదే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కాస్త నల్లటి అభ్రకం, ఒక్కోసారి హార్న్‌బ్లెండ్. ఇవన్నీ సిలికేట్లు, అంటే సిలికాన్, ఆక్సిజన్ గట్టిగా పట్టుకుని కట్టిన నిర్మాణాలు. నిమ్మరసానికి, వెనిగర్‌కి, చింతపండు పులుసుకి ఆ బంధాలు లొంగవు. పలుగురాయిని త్వరగా కరిగించాలంటే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కావాలి, అది వంటింట్లో ఉండే వస్తువు కాదు. కొన్ని తుప్పు వదిలించే క్లీనర్లలో మాత్రం ఉంటుంది, వాటిని గ్రానైట్ మీద వాడకండి.

గట్టిదనం సంగతీ ఇంతే. మోస్ స్కేలు అని 1 నుంచి 10 దాకా ఉంటుంది, 1 టాల్క్, అంటే బలపం రాయిలో ఉండేది, 10 వజ్రం. కాల్సైట్ 3. ఇంట్లో వాడే స్టీలు కత్తి సుమారు 5.5. ఫెల్డ్‌స్పార్ 6, పలుగురాయి 7. షాపులో శాంపిల్ ముక్క అడిగి, వెనకవైపు పాలిష్ లేని చోట కత్తి మొనతో గట్టిగా గీయండి. మార్బుల్ అయితే గాడి పడి తెల్లపొడి రాలుతుంది. గ్రానైట్ అయితే బూడిద రంగు గీత ఒకటి కనబడుతుంది, అది రాయి మీద పడిన గీత కాదు, అరిగిన కత్తి తాలూకు లోహం, వేలితో రుద్దితే పోతుంది. మార్బుల్ ఫ్లోరింగ్ గుమ్మం దగ్గర ముందుగా మెరుపు పోవడానికి కారణం కూడా ఇదే, చెప్పులకి అంటుకొచ్చే దుమ్ములో పలుగురాయి ఇసుక రేణువులు ఉంటాయి.

కడప బండ అనేది సున్నపురాయి. తాండూరు బండ, కర్ణాటక వైపు షాబాద్ బండ, బేతంచెర్ల నాపరాళ్లు, అన్నీ ఆ కుటుంబమే. లోతు తక్కువ సముద్రాల్లో సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డవి, అందుకే పలకలుగా ఊడివస్తాయి, మన వాళ్లు వందల ఏళ్లుగా ఇళ్ల మీద, అరుగుల మీద పరిచింది అందుకే, కోయాల్సిన పని తక్కువ. అందులోనూ ఉన్నది కాల్సైటే కాబట్టి నిమ్మకాయ దాన్నీ వదలదు. మామగారి ఊళ్లో చెక్కు చెదరలేదంటే అది అరుగు కాబట్టి, అక్కడ ఎవరూ పచ్చి పులుసు కలపలేదు కాబట్టి.

మార్బుల్ అంటే అదే సున్నపురాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ గురై, కరగకుండానే మళ్లీ స్ఫటికాలు కట్టినది. మీరు బట్టీ పట్టిన రూపాంతర శిల అదే. తాజ్‌మహల్‌కి వాడిన మక్రానా రాయి అలాంటిది. పనిలో పనిగా, రాజస్థాన్ నుంచి వచ్చే గ్రీన్ మార్బుల్ అసలు మార్బుల్ కాదు, సర్పెంటినైట్ అనే వేరే రాయి.

ఇప్పుడు షాపు గ్రానైట్లు. బంగారు చుక్కల నలుపు, అదే గెలాక్సీ అని అమ్మేది, మన చీమకుర్తిది, ప్రకాశం జిల్లా. సైన్సు లెక్కలో అది గ్రానైట్ కాదు, గాబ్రో అనే రాయి జాతి. పలుగురాయి దాదాపు ఉండదు, పైరాక్సీన్ అనే ఖనిజం, ప్లాజియోక్లేజ్ రకం ఫెల్డ్‌స్పార్ ఉంటాయి, ఆ మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ స్ఫటికాలు. రాయిని కొంచెం అటూ ఇటూ వంచి చూడండి, ఒక కోణంలో చుక్క ఆరిపోతుంది, ఇంకో కోణంలో వెలుగుతుంది, రంగు వేసి అలా చేయలేరు. చుక్కలేని నలుపు చాలావరకు డోలరైట్ అనే ఇంకో రాయి. గోధుమ రంగులో ఎర్ర మచ్చలది బహుశా కరీంనగర్ టాన్ బ్రౌన్ అయి ఉంటుంది, అది మాత్రం అసలు గ్రానైటే, ఆ ఎర్రగా పెద్దగా ఉన్నవి ఫెల్డ్‌స్పార్.

మీ పునాది బండ కూడా నిక్కమైన గ్రానైటే, సుమారు 250 కోట్ల ఏళ్లది. కానీ షాపులో అమ్మాలంటే పగులు లేని, మనిషెత్తు దిమ్మ రావాలి. మీ ప్లాట్ కింద ఉన్నది పైన కొంత మొరం అయిపోయి, కింద పగుళ్లు పడి ఉంటుంది. మేడంగారికి చెప్పండి, పారబోయించింది కంకరకి పనికొచ్చేది, కొనేది పలక కోయడానికి పనికొచ్చేది, డబ్బంతా ఆ పగుళ్లు లేకపోవడానికే.

చీమకుర్తి_అబ్బాయి:

పై మాస్టారు చెప్పింది కరెక్టే కానీ ఒక్క మాట, గ్రానైట్ కాదు అనగానే జనం డూప్లికేట్ అనుకుంటారు. గెలాక్సీ కిచెన్‌కి ఏ గ్రానైట్ కన్నా తక్కువ కాదు. మా వైపు అమ్మేవాడు, కోసేవాడు, లారీ డ్రైవరు అందరికీ అది గ్రానైటే, గట్టిగా ఉండి పాలిష్ ఎక్కేదల్లా మాకు గ్రానైట్, మెత్తగా ఉండేదల్లా మార్బుల్, వ్యాపారానికి ఆ రెండు పేర్లు చాలు.

రేటు తేడా ఎందుకని అడిగారు కదా, ఎవరూ చెప్పరు, నేను చెప్తా. క్వారీలో డైమండ్ వైరు రంపంతో దిమ్మ కోస్తారు, వైరుకి వజ్రపు పొడి పూసలు ఉంటాయి, నీళ్లు పోస్తూ గంటల తరబడి కోస్తుంది. పెద్ద దిమ్మ తెగి వచ్చాక దాంట్లో సన్నటి వెంట్రుక పగులు ఒకటి కనబడితే రేటు సగానికి పడిపోతుంది. గీత ఉన్నా పడిపోతుంది, తెల్ల చార ఉన్నా పడిపోతుంది. చుక్క దట్టంగా, సమంగా ఉన్న దిమ్మలు ముందే ఎక్స్‌పోర్టుకి పోతాయి, లోకల్ షాపుకి వచ్చేది ఆ తర్వాతది. తవ్విన దాంట్లో ఎక్కువ భాగం వేస్టే, మా ఊరి చుట్టూ గుట్టల్లా పోసి ఉంటుంది, వచ్చి చూడండి. కాబట్టి మీకు చూపించిన మూడింతల తేడాలో రాయి జాతి కొంత, దిమ్మ సైజు కొంత, షాపు అద్దె కొంత.

చుక్కలేని నలుపు కొనేటప్పుడు జాగ్రత్త. బూడిద రంగు రాయికి రంగు పట్టించి జెట్ బ్లాక్ అని అంటగట్టేవాళ్లున్నారు. తెల్లగుడ్డకి థిన్నర్ గానీ నెయిల్ పాలిష్ రిమూవర్ గానీ అద్ది గట్టిగా రుద్దండి, గుడ్డ నల్లబడితే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి. ఇంకోటి, శాంపిల్ ముక్క మీద నూనె చుక్క వేసి కాసేపు ఉంచి తుడవండి. చోటు ముదురు రంగులోకి మారిందంటే రాయి నూనె తాగుతోందని అర్థం, అలాంటిది పొయ్యి పక్కన వద్దు, లేదంటే సీలర్ కొట్టించాలి. లేత రంగు రాళ్లలో ఇది ఎక్కువ, గెలాక్సీలో చాలా తక్కువ.

మందం 18 మిల్లీమీటర్లు అని చెప్పి 15 ఇస్తారు, టేపు పట్టుకెళ్లండి. సింక్ కోసం కోసే చోట ముందూ వెనకా సన్నటి పట్టీ మిగులుతుంది, పలచటి రాయి అక్కడే విరుగుతుంది.

కొత్తిల్లు_కొత్తప్పు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. షాపువాణ్ణి బతిమాలి నాలుగు ముక్కలు తెచ్చుకున్నా: గెలాక్సీ, టాన్ బ్రౌన్, కడప బండ, తెల్ల మార్బుల్. మామగారి ఎదురుగానే నాలుగింటి మీదా నిమ్మచెక్క బోర్లించాం. మార్బుల్ మీద అంచు చుట్టూ సన్నగా నురగ వచ్చింది, చెవి దగ్గర పెడితే చిన్న చిటపట కూడా వినిపించింది. పావుగంటకి తీసి కడిగితే గుండ్రటి మసక ముద్ర, లైటు పడే కోణంలో చూస్తే స్పష్టంగా ఉంది, గోరుతో తడిమితే గరుగ్గా తగిలింది. కడప బండ మీదా అదే కథ, నల్లటి రాయి కాబట్టి ఇంకా ఎబ్బెట్టుగా బూడిద రంగు చక్రం పడింది. మిగతా రెండూ కడిగేస్తే ఏం జరగనట్టే ఉన్నాయి. మామగారు కాసేపు చూసి "కిచెన్‌లో వద్దులే, స్టోర్ రూమ్ అరలకి వేయించు" అన్నారు. ఆయన అంత తేలిగ్గా తగ్గడం నేను చూడలేదు. మా ఆవిడ మార్బుల్ పూజగదికి మారింది. కుంకుమ నీళ్లు పడితే ఏమవుతుందో నేను అడగదలుచుకోలేదు.

డిగ్రీ_సెకండియర్:

అన్నా, రాళ్లపిచ్చి అన్నా, మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. గ్రానైట్ ఎక్కడో లోతున గట్టిపడుతుంది అని మా పుస్తకంలో ఉంది. మరి హైదరాబాద్‌లో గుట్టల మీద గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టు పైనే ఉంది కదా, అది పైకెలా వచ్చింది? ఇంకో ప్రశ్న, భూకంపాలు ప్లేట్ల, అంటే భూమి పైపొర పెద్ద ముక్కల, అంచుల దగ్గరే వస్తాయని చదివాం, మనం ప్లేటు నడిమధ్యలో ఉన్నాం. మరి 2024 డిసెంబర్ 4న ములుగు వైపు 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, హైదరాబాద్‌లో కూడా ఊగింది. మా సార్‌ని అడిగితే సిలబస్‌లో లేదన్నారు.

రాళ్లపిచ్చి:

తమ్ముడూ, రెండూ మంచి ప్రశ్నలే, సిలబస్ సంగతి వదిలెయ్.

గ్రానైట్ పైకి రాలేదు, పైనున్నది పోయింది. అది గట్టిపడిన రోజుల్లో దాని మీద కిలోమీటర్ల మందాన వేరే రాళ్లు ఉండేవి. ఆ దుప్పటి ఉండబట్టే కరిగిన ముద్ద చాలా నిదానంగా చల్లారింది, నిదానంగా చల్లారబట్టే స్ఫటికాలు కంటికి కనబడేంత పెరిగాయి, పాకాన్ని కదపకుండా వదిలేస్తే పటికబెల్లం పెద్ద పెద్ద పలుకులు కట్టినట్టు. అదే ముద్ద నేల మీదకి లావాగా వచ్చి ఉంటే త్వరగా చల్లారి పలుకు కనబడని రాయి అయ్యేది. తేడా చేత్తో పట్టుకుని చూడాలంటే గోదావరి జిల్లాల వైపు పంగిడి క్వారీల నల్ల కంకర చూడు, కాటేరు దగ్గరా ఉంది. అది బసాల్ట్, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద పడమటి కనుమల వైపు పొంగిన దక్కన్ లావా తాలూకుదే. వెయ్యి కిలోమీటర్ల దూరం అప్పటి నదీలోయల వెంట పారి సముద్రం దాకా వచ్చిందని ఎక్కువమంది జియాలజిస్టుల అభిప్రాయం. ఆ లావా పొరల మధ్య సన్నటి సున్నపురాయి పొర ఉంటుంది, అందులో నత్తగుల్లల శిలాజాలు దొరుకుతాయి. అంటే ఒక పొంగుకీ ఇంకో పొంగుకీ మధ్య అక్కడ నీళ్లు నిలిచి, జీవం బతికేంత విరామం దొరికిందన్నమాట. నాకైతే తెలుగు నేల మీద ఇంతకంటే ఆసక్తికరమైన కంకర క్వారీ లేదు.

హైదరాబాద్ గుండ్ల విషయం. పైనున్న బరువు కోట్ల ఏళ్లలో అరిగి పోయేకొద్దీ కింద నలిగి ఉన్న గ్రానైట్ సడలి నిలువుగా, అడ్డంగా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలోకి వాననీరు దిగింది. నీటికి ఫెల్డ్‌స్పార్ నిదానంగా బంకమట్టి అయిపోతుంది, పలుగురాయి మాత్రం కాదు, అది ఇసుక రేణువుగా రాలుతుంది. మూలల మీద రెండు మూడు వైపుల నుంచి దాడి జరుగుతుంది కాబట్టి మూలలు ముందు పోయి చతురస్రపు దిమ్మ గుండు అవుతుంది. చుట్టూ ఉన్న మొరం కొట్టుకుపోయాక గుండు మీద గుండు మిగులుతుంది. ఎవరూ పేర్చలేదు, మధ్యలో ఉన్నది పోయిందంతే. ఇల్లు కట్టేవాళ్లు పునాదిలో చూసే వరస కూడా ఇదే: పైన ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద బండ. వయసు తేడా ఏమీ లేదు, ఒకే రాయి మూడు దశల్లో.

ఇక భూకంపం. ప్లేటు మధ్యలో ఉన్నామంటే క్షేమంగా ఉన్నామని కాదు, తక్కువసార్లు వస్తుందని మాత్రమే. మన ప్లేటు ఏడాదికి 5 సెంటీమీటర్ల లెక్కన ఉత్తరంగా, కాస్త ఈశాన్యంగా జరుగుతోంది. సుమారు 5 కోట్ల ఏళ్ల కింద ఆసియాకి గుద్దుకుంది, అయినా ఆగలేదు, హిమాలయాలు ఇంకా లేస్తున్నది అందుకే. వెనకనుంచి హిందూ మహాసముద్రం అడుగున కొత్త నేల పుడుతూ తోస్తోంది, ముందర ఆసియా అడ్డం నిలబడింది, ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగిపోదు, ప్లేటు మొత్తం మోస్తుంది. ఎక్కడ పాత గాయం ఉంటే అక్కడ కదులుతుంది.

గోదావరి లోయ అలాంటి పాత గాయం. ఖండం అక్కడ విడిపోబోయి ఆగిపోయింది, రెండు పక్కలా పగుళ్లు పడి నడుమ నేల దిగబడింది. ఆ పల్లంలోనే అడవులు పూడుకుపోయి సింగరేణి బొగ్గయింది, అదే లోయలో కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికాయి, హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు, చూడకపోతే వెళ్లి చూడు. పాత పగుళ్లు పూర్తిగా అతుక్కోలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, ములుగుది కూడా ఆ లోయ పరిధిలోనే. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్ర కిల్లారిలో వచ్చింది సుమారు 6.2, పదివేల మంది దాకా పోయారు, అదీ ప్లేటు మధ్యే. అంకెల్లో చిన్న తేడాగా కనబడుతుంది గానీ ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు. కిల్లారిలో అంతమంది పోవడానికి భూకంపం ఎంత కారణమో, తెల్లవారుజామున జనం మట్టితో కట్టిన బరువైన రాతి గోడల కింద నిద్రపోతూ ఉండటం అంత కారణం. ఇల్లు కడుతున్న పెద్దమనిషి చదువుతుంటే వినండి, ప్లాట్‌ఫారం రాయి మీద పెట్టిన శ్రద్ధలో సగం పిల్లర్ల రింగుల మీద పెట్టారా?

కొత్తిల్లు_కొత్తప్పు:

పెట్టాను సార్, రింగులు దగ్గర దగ్గరగానే వేయించాను. మేస్త్రి సణిగాడు, ఇనుము వేస్టన్నాడు. ఇప్పుడు ఈ పోస్టు చదివి వినిపిస్తా.

ఫ్రీమాంట్_పిన్ని:

భూకంపం మాట రాగానే మేం మాట్లాడకపోతే ఎలా. మాది కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, ఇక్కడ మన వాళ్లు సందుకొకరు. హేవార్డ్ ఫాల్ట్ అనే భూమి పగులు ఊరి మధ్యనుంచే పోతుంది. దీని తమాషా ఏంటంటే ఇది నిద్రపోదు, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పాకుతూనే ఉంటుంది. వీధి అంచున పోసిన సిమెంటు కట్ట ఒకచోట నేరుగా రావాల్సింది వంకరపోయి, ఒక పక్కకి జరిగి కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు కాంట్రాక్టర్ పనితనం అనుకున్నా. అటువైపు కొండలు, ఇటువైపు మేము, రెండు ముక్కలు పక్కపక్కనే ఎదురుబొదురుగా జారుతున్నాయి. ఇంకా పడమరన పెద్దది శాన్ ఆండ్రియాస్. పసిఫిక్ ప్లేటుకీ ఉత్తర అమెరికా ప్లేటుకీ సరిహద్దు ఇదంతా, ఒక్క గీత కాదు, గీతల గుంపు. హేవార్డ్ మీద పెద్ద భూకంపం వచ్చింది 1868లో. నెమ్మదిగా పాకుతోంది కదా, పెద్దది రాదులే అని మా పక్కింటాయన ధైర్యం, కానీ పాకేది పైపైనే, లోతున చాలా భాగం బిగుసుకునే ఉందట.

రాళ్లపిచ్చి గారూ, మీరు గ్రీన్ మార్బుల్ సర్పెంటినైట్ అన్నారు చూడండి, ఇక్కడ అది రాష్ట్ర శిల, 1965 నుంచి. రోడ్డు పక్క కొండ కోసిన చోట ఆకుపచ్చగా, సబ్బు రాసినట్టు నున్నగా మెరుస్తూ ఉంటుంది. సముద్రం అడుగున ఉండాల్సిన రాయి కొండ మీదికి ఎలా ఎక్కిందని మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టు చేశాడు, ప్లేటు ప్లేటు కిందికి దూరేటప్పుడు కొంత ముక్క చెక్కుకుపోయి అంచుకి అంటుకుందని రాశాడు. సరేనా మాస్టారూ, ఎ గ్రేడ్ వచ్చింది మరి.

రాళ్లపిచ్చి:

సరేనండీ, ఎ గ్రేడ్ న్యాయమే. అందులో ఒక్కటి కలపండి, అది మొదట ఆకుపచ్చగా ఉండే రాయి కాదు. భూమి పైపొర కింద ఉండే మాంటిల్ నుంచి వచ్చే పెరిడోటైట్ అనే రాయిలోకి సముద్రపు నీరు చేరి ఖనిజాలే మారిపోతే సర్పెంటినైట్ అవుతుంది.

భీమిలి_గాలి:

వైజాగ్ వాళ్లని ఎవరూ పట్టించుకోలేదు. మా కైలాసగిరి రాయి ఖొండలైట్, దగ్గరికెళ్లి చూస్తే ఎర్రటి చిన్న చిన్న గింజలు పొదిగినట్టు ఉంటాయి, అవి గార్నెట్లు. వానకి రాయి అరిగితే అవి రాలి గెడ్డల వెంట బీచ్‌కి చేరతాయి, భీమిలి ఇసుకలో అలలు వెనక్కి వెళ్లిన చోట ముదురెరుపు, నలుపు చారలు కనబడేది వాటివల్లే, నలుపు ఇల్మెనైట్ అనే ఖనిజం. బరువైనవి కాబట్టి తేలిక ఇసుకని అల లాక్కుపోయినా అవి ఆగిపోతాయి. చిన్నప్పుడు అయస్కాంతం ముక్క ఇసుకలో తిప్పి నల్లపొడి పోగేసేవాళ్లం, ఇల్మెనైట్ పెద్దగా అంటదు, అంటుకునేది ఎక్కువగా మాగ్నటైట్ అని తర్వాత తెలిసింది.

మాకూ అంటార్కిటికాకీ చుట్టరికం ఉందని మా ప్రొఫెసర్ చెప్పేవారు. అది నిజమేనా, లేక క్లాసులో నిద్రపోకుండా చెప్పేదా?

రాళ్లపిచ్చి:

నిజమే. తూర్పు కనుమల రాళ్లు సుమారు 100 కోట్ల ఏళ్ల కింద భూమి లోపల బాగా లోతున, విపరీతమైన వేడిలో ఉడికినవి. తూర్పు అంటార్కిటికా తీరంలో అదే వయసు, అదే ఖనిజాల రాళ్లున్నాయి. గోండ్వానా అనే పెద్ద ఖండంలో రెండూ పక్కపక్కన అతుక్కుని ఉండేవి, సుమారు 13 కోట్ల ఏళ్ల కింద చీలిక మొదలై మధ్యలో సముద్రం వచ్చింది. తీరాల ఆకారం కలుస్తోందని ఒక్కటే చెబితే జనం నమ్మరు, 1912లో వెగెనర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఖండాలు కదిలాయన్నప్పుడు ఎక్కువమంది నమ్మలేదు కూడా, ఏ శక్తి కదిలిస్తుందో ఆయన సరిగా చూపించలేకపోయాడు. సముద్రం అడుగున కొత్త నేల పుడుతోందని 1960లలో తేలాకే దారికొచ్చారు. పాపం ఆయన 1930లోనే గ్రీన్‌లాండ్ మంచులో పోయాడు.

మా_వదిన_చెప్పింది:

ఇంత చదివాక అడుగుతున్నా, తిట్టొద్దు. మా ఇంటీరియర్ వాళ్లు రాయి ఎందుకు మేడం, క్వార్ట్జ్ వేయించుకోండి, మచ్చ పడదు, ఒకే రంగు వస్తుంది అంటున్నారు. అది పలుగురాయే కదా? గట్టిదనం 7 అన్నారు కదా?

చీమకుర్తి_అబ్బాయి:

అక్కా, అది కొండలోంచి కోసిన పలక కాదు, ఫ్యాక్టరీలో పలుగురాయి పొడి, రెసిన్ అనే ప్లాస్టిక్ జిగురు కలిపి అచ్చు పోసింది. నిమ్మకాయకి, గీతకి భయం లేదు, ఒప్పుకుంటా. కానీ రెసిన్ ఉంది కాబట్టి పొయ్యి మీంచి దించిన కుక్కరు నేరుగా పెడితే ముద్ర పడుతుంది, కింద ఏదన్నా వేసుకోవాలి. గ్రానైట్‌కి అంత బాధ లేదు.

నాకు దాని మీద ఉన్న కోపం వేరే. దాన్ని పొడిగా కోస్తే వచ్చే దుమ్ములో సిలికా చాలా ఎక్కువ, కోసే కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లో దిగుతుంది, సిలికోసిస్ వస్తే తగ్గేది కాదు. ఆస్ట్రేలియా 2024 జులై నుంచి ఈ రకం రాయిని నిషేధించింది కూడా. గ్రానైట్ దుమ్ములోనూ సిలికా ఉంది, మేమేం సత్యహరిశ్చంద్రులం కాదు, కాకపోతే తక్కువ. మీరు ఏది వేయించుకున్నా ఒక్క పని చేయండి, ఇంట్లో సింక్ చోటు కోసేటప్పుడు మేస్త్రి పొడిగా గ్రైండర్ పెడితే ఆపి, పక్కన మగ్గుతో నీళ్లు పోయించండి. ఇల్లంతా బురదవుతుందని అతనే వద్దంటాడు, అయినా పోయించండి.

మా_వదిన_చెప్పింది:

మా వంటింట్లో కుక్కరు ఎక్కడ పడితే అక్కడ దింపుతాం, కాబట్టి క్వార్ట్జ్ క్యాన్సిల్. స్టీల్ గ్రే గ్రానైట్ ఎలా ఉంటుంది తమ్ముడూ?

చీమకుర్తి_అబ్బాయి:

బాగుంటుంది అక్కా. మా బల్లికురవ వైపు రాయే. నూనె చుక్క టెస్టు మాత్రం చేసి తీసుకోండి, ఒకే దిమ్మలోంచి కోసిన పలకలే ఇమ్మని గట్టిగా అడగండి, లేకపోతే ఎల్ ఆకారం ప్లాట్‌ఫారానికి మూల దగ్గర రెండు షేడ్లు వస్తాయి.